తలకిందులుగా చదివిన ఆరు గీతలు

గీతలు కింది నుంచి పైకి గీయాలని ఆ పుస్తకం మొదట్లో చెప్పలేదు. నూరు పేజీల చరిత్ర చివర్న, అట్టడుగున ఒక ఫుట్‌నోట్‌లో, చీమకాళ్లలాంటి అక్షరాల్లో చెప్పింది. ఆ పుస్తకాన్ని నమ్మి నేను నా కూతురికి రానని చెప్పాను. జరిగిన అన్యాయం ఇదీ.

పుస్తకం పేరు రాయను. వాళ్లకు ఊరికే ప్రచారం ఎందుకు. చైనావాళ్లు ప్రశ్న చెప్పే పాత పద్ధతిని మొదటిసారి నేర్చుకునేవాళ్ల కోసం రాశామని అట్ట మీద వేసుకున్నారు. పద్ధతి పెద్ద కష్టం కాదు. మనసులో ప్రశ్న పెట్టుకుని మూడు నాణేలు ఆరుసార్లు వేయాలి. బొమ్మకు మూడు, బొరుసుకు రెండు లెక్క. కూడితే బేసి వచ్చిందా, ఒక నిండు గీత. సరి వచ్చిందా, మధ్యలో తెగిన గీత. ఆరు గీతలూ ఒకదాని మీద ఒకటి చేరితే ఒక ఆకారం. అలాంటి ఆకారాలు అరవై నాలుగు. ప్రతిదానికీ ఒక పేరు, ఒక మాట. మన ప్రశ్నను ఆ మాటకు ఎదురుగా నిలబెట్టి అర్థం వెతుక్కోవాలి. అంతే. దానికి పంతులు అక్కర్లేదు, పంచాంగం అక్కర్లేదు. నాకు నచ్చింది అదే.

పంతుళ్లతో నాకు పాత లెక్క ఉంది. తెనాలిలో రేడియో రిపేరు కొట్టు పెట్టినప్పుడు మా వీధి సిద్ధాంతి ముహూర్తం పెట్టాడు. తెల్లవారుజామున దీపం వెలిగించి, కొబ్బరికాయ కొట్టి, మొదటి రేడియో స్విచ్చి వేశాను. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ పేలింది. రెండు రోజులు కరెంటు లేదు. వెళ్లి అడిగితే సిద్ధాంతి పడక్కుర్చీలోంచి లేవకుండానే తప్పు నా గడియారానిదన్నాడు. ఆ గడియారం రోజూ రేడియో వార్తల టైముకు సరిచేసుకునే గడియారం. ఆ మాట ఆయన విన్లేదు. ఆయన పోయి చాలాకాలమైంది, ఆయన కొడుకూ పోయాడు. నేను మాత్రం మర్చిపోలేదు.

బడి నాకు ఎనిమిదో తరగతితో అయిపోయింది. ఆ తర్వాత చదువంతా రేడియో పెట్టెల వెనక అంటించి ఉండే సర్క్యూట్ కాగితాలు చూసి నేర్చుకున్నదే. ఇంగ్లీషు కూడా అక్కడే నేర్చాను. ఆ కాగితం ఎంత చిన్నదైనా కరెంటు ఎటు పోతుందో బాణం గుర్తు వేసి ఉంటుంది. అది మర్యాద. తెలియనివాడి చేతిలో వస్తువు పెట్టేవాడు మొదట చెప్పాల్సింది ఏ వైపు పైకి అన్నది. ఈ పుస్తకంలో బాణం గుర్తు లేదు.

ఆస్ట్రేలియాలో ఈ టూవూంబాకు మేము వచ్చింది అమ్మాయి ఉద్యోగం కోసం. తను ఇక్కడి ఆసుపత్రిలో డాక్టరు. కొండ అంచు మీద ఊరు. చలికాలం పొద్దున్నే లేస్తే పొగమంచులో ఎదురింటి చెత్తడబ్బా కనపడదు. కారు లేకపోతే ఈ ఊళ్లో మనిషి మనిషి కాడు. కంటి శుక్లాలు తీయించుకున్నా చూపు సరిగ్గా రాలేదని నన్ను నడపొద్దన్నారు. మా ఆవిడ అరవై దాటాక ఇక్కడే డ్రైవింగు నేర్చుకుంది. అప్పట్నుంచి నేను పక్క సీటు. లైబ్రరీకి వెళ్లాలన్నా ఆవిడ తీసుకెళ్లాల్సిందే. దారిలో నాలుగు రోడ్లు కలిసే గుండ్రం దగ్గర నేనేమైనా చెప్పబోతే, “మీరు నోరు మూసుకుని కూచుంటే నేను రౌండబౌటు దాటతా” అంటుంది. కొట్టు నడిపిన రోజుల్లో ఈ మనిషే నా ఎదుట గొంతెత్తి మాట్లాడేది కాదు.

పుస్తకం ఆ లైబ్రరీలోనే దొరికింది. పోయిన చలికాలం. గ్యాస్ హీటరు పక్కన కూర్చుని మొదట్నుంచి చదవడం మొదలుపెట్టాను. మొదటి నూరు పేజీలూ చరిత్ర. ఎవరు కనిపెట్టారు, ఏ రాజు వాడాడు, తెల్లవాళ్లకు ఎప్పుడు తెలిసింది. నాకు రాజులతో పనిలేదు. పని చెప్పే పేజీలకు దూకాను. అలా దూకడం కూడా నా నేరమేనని తర్వాత ఒకరిద్దరు అన్నారు. మొదటిసారి నేర్చుకునేవాడు పనిలోకే దూకుతాడు. అది తెలియనివాళ్లు వాళ్ల కోసం పుస్తకం రాయకూడదు.

నాణేల దగ్గర కొంత ఆలోచించాను. ఇక్కడి నాణేల మీద ఒకవైపు రాణి, కొత్తవాటి మీద రాజు. వాళ్ల మొహాలతో నా ప్రశ్నలు అడగబుద్ధి కాలేదు. మా అమ్మ దాచిన చిల్లికానీలు నా దగ్గర ఉన్నాయి. నడిమధ్య బెజ్జం ఉన్న పాత రాగి కానీలు. చిన్నప్పుడు ఒకటి నా మొలతాడుకే వేలాడేది. ఒకవైపు కిరీటం, రెండోవైపు ఆకుల దండ. కిరీటం బొమ్మ, దండ బొరుసు అనుకున్నాను. చైనావాళ్ల పాత నాణేలకూ మధ్యలో బెజ్జం ఉంటుందని పుస్తకంలో బొమ్మ చూసి, ఇదేదో మనకు రాసిపెట్టి ఉన్న విద్యే అనిపించింది.

మొదట చిన్న ప్రశ్నలే అడిగాను. వర్షం పడుతుందా, ప్లంబరు ఈ వారమైనా వస్తాడా, పెరట్లో కరివేపాకు మొక్క ఈ చలికి బతుకుతుందా. ఆకారం గీసుకోవడం, మాట చదవడం, సాయంత్రానికి ఏం జరిగిందో చూడటం. కొన్ని కుదిరాయి, కొన్ని కుదరలేదు. మొదలుపెట్టినవాడికి అలాగే ఉంటుందని పుస్తకంలోనూ ఉంది. ప్లంబరు రాలేదు, ఆ జవాబు మాత్రం సరిగ్గానే వచ్చింది. మా ఆవిడ దీనికి చైనా పంచాంగం అని పేరు పెట్టింది. స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్ అనే ఊళ్లో మన తెలుగువాళ్లింట్లో భోజనాలకు వెళ్లినప్పుడు ఆ సంగతి బయటపెట్టింది కూడా ఆవిడే. అక్కడున్న కుర్రాళ్లు చుట్టూ చేరారు.

“అంకుల్, మా PR ఎప్పుడొస్తదో జర చూడరాదు మీ చైనా పంచాంగంల” అన్నాడు ఒకడు, పేపర్ ప్లేటు పట్టుకుని. PR అంటే ఈ దేశంలో శాశ్వతంగా ఉండేందుకు ఇచ్చే అనుమతి.

“ఇది రోజూ తేదీ చెప్పే క్యాలెండర్ కాదురా” అన్నాను.

“తేదీ అయితే ఇమిగ్రేషన్ వాళ్లు కూడా చెప్తలేరు అంకుల్. ఇద్దరూ ఒకటే ఉన్నరు.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ పూట ఆ నవ్వు నాకేం బరువు కాలేదు. అప్పటికి నా చేతిలో పెద్ద ప్రశ్న ఇంకా పడలేదు.

వసంతం మొదట్లో, ఇక్కడ అది సెప్టెంబరు, అమ్మాయికి దేశం ఉత్తరపు కొసన సముద్రం ఒడ్డున ఉన్న డార్విన్‌లో పెద్ద ఉద్యోగం వచ్చింది. తను ఎప్పట్నుంచో కోరుకున్న విభాగం. అన్నం తింటూ చెప్పింది. ఇల్లు అమ్మననీ, మేముండాలనుకుంటే ఇక్కడే ఉండవచ్చనీ ముందే చెప్పేసింది.

“కానీ నువ్వూ అమ్మా నాతో వస్తే నాకు బాగుంటుంది నాన్నా. అక్కడ ఇల్లు తీసుకునే ముందు చెప్పు. ఒక బెడ్‌రూమా, మూడా, అది తెలిస్తే చాలు.”

పెళ్లి విఫలమై తను మళ్లీ ఒంటరిదైన దగ్గర్నుంచి ఈ ఇంట్లో మేం ముగ్గురమే. అయినా తను మమ్మల్ని ఇది కావాలి అని నోరు తెరిచి అడిగినట్టు నాకు గుర్తు లేదు. ఇదే మొదటిసారి. అందుకే నోటికొచ్చిన జవాబు చెప్పకూడదనుకున్నాను. ఈ వయసులో మళ్లీ ఊరు మారడం, ఆ ఉక్క, ఆ ఆరు నెలల వాన, కొత్త డాక్టర్లు, కొత్త మనుషులు. ఇంకోపక్క అమ్మాయి ఒక్కతే. మా ఆవిడను అడిగితే “మీ ఇష్టం” అంది. యాభై ఏళ్లుగా ఆవిడ జవాబు అదే. దాన్ని తిప్పి చూసినా, బోర్లించి చూసినా, అందులో ఏముందో నాకు ఎప్పుడూ తెలియలేదు.

ఒక ఆదివారం పొద్దున స్నానం చేసి, భోజనాల బల్ల మీద శుభ్రమైన తువ్వాలు పరిచి, చిల్లికానీలు వేశాను. ప్రశ్న ఒకటే. మేము డార్విన్ వెళ్లాలా?

మొదటి మూడుసార్లూ నిండు గీతలు. తర్వాత తెగిన గీత, నిండు గీత, చివర్న మళ్లీ తెగిన గీత. మూడు నాణేలూ ఒకేలా పడితే ఆ గీత మారుతుందని మరో లెక్క ఉంది. నాకు ఏదీ అలా పడలేదు. జవాబు తేటగా వచ్చిందని సంతోషించాను. ఎప్పట్లాగే, మనం ఏది రాసినా రాసినట్టు, మొదటి గీత పైన వేసి కిందికి దిగుతూ వచ్చాను. పైన మూడు నిండు గీతలు అంటే ఆకాశం. కింద తెగినవాటి మధ్య ఒక నిండు గీత అంటే నీరు. ఆకాశం కింద నీరు. పుస్తకంలో వెతికితే ఆ ఆకారం పేరు వివాదం. ఆకాశం పైకి పోతుంది, నీరు కిందికి పోతుంది, రెండింటికీ పొత్తు కుదరదట. పెద్ద నీళ్లు దాటే పని ఇప్పుడు పెట్టుకోవద్దని కూడా ఉంది.

డార్విన్ అంటే నీళ్లే కదా. ఇంతకంటే తేటగా ఎవరు చెప్తారు.

రాత్రి భోజనాల దగ్గర అమ్మాయితో మేము రావడం లేదన్నాను. కారణం కూడా చెప్పాను. ముగ్గురం అక్కడ ఒకే కప్పు కింద ఉంటే గొడవలవుతాయని జవాబొచ్చిందని. అమ్మాయి చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. “సరే నాన్నా” అని లేచింది. మా ఆవిడ గిన్నెలు తీసింది.

అక్కడ వానలు మొదలయ్యేలోపు అమ్మాయి వెళ్లిపోయింది. అక్కడ ఒక గది ఉన్న ఫ్లాటు తీసుకుంది. ఆ ఎండాకాలం మా ఇల్లు ఎలా గడిచిందో రాయడానికి పెద్దగా ఏమీ లేదు. ఉదయం కాఫీ, మధ్యాహ్నం కునుకు, సాయంత్రం వంటింట్లో మా ఆవిడ ఫోను. తల్లీకూతుళ్లు వీడియోలో మాట్లాడుకునేవాళ్లు. నేను వెళ్లి నిలబడితే మాట వాతావరణం మీదికి మళ్లేది. ఇక్కడ ఎంత పొడిగా ఉందో, అక్కడ ఎంత తడిగా ఉందో చెప్పుకునేవాళ్లం. రోజంతా అలసటగా ఉండేది, దానికి వయసే కారణమనుకున్నాను. నాణేలు వేయడం మాత్రం మానలేదు. పెద్ద ప్రశ్న ఒకటి తేల్చినవాణ్ణి కదా, విద్య పట్టుబడుతోందనే నమ్మకం ఉండేది.

ఎండలు తగ్గాక లైబ్రరీలో ఈ విద్య మీదే ఒక తరగతి పెట్టారు. మొదలుపెట్టేవాళ్లకట. నేను మొదలుపెట్టేవాణ్ణి కాదు, అయినా వెళ్లాను. చెప్పేది మలేషియా నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన చైనా పెద్దావిడ. పళ్ల డాక్టరుగా చేసి రిటైరైందట. నాకంటే కొంచెం చిన్నదై ఉంటుంది. తెల్ల బోర్డు దగ్గర నిలబడి, మొదటి గీత అంటూ బోర్డు అట్టడుగున గీసింది. రెండోది దాని మీద. మూడోది దాని మీద.

నేను చెయ్యెత్తాను. మీరు తలకిందులుగా వేస్తున్నారన్నాను. గదిలో ఉన్న పదిమందీ నావైపు తిరిగారు. ఆవిడ కోప్పడలేదు. మూడువేల ఏళ్లుగా మావాళ్లు ఇలాగే వేస్తున్నారండి, ఏదైనా మొలిచేది కింది నుంచే కదా అంది. నేను ఊరుకోలేదు. మా దేశంలో దేవుణ్ణి వర్ణిస్తే పాదాల నుంచి మొదలుపెట్టి జుట్టు దాకా పోతారు, మనిషినైతే జుట్టు నుంచి మొదలుపెట్టి పాదాల దాకా వస్తారు, ఎటు నుంచి ఎటో ముందుగా చెప్పడం మర్యాద, మీ పుస్తకం ఆ మర్యాద పాటించలేదు అన్నాను. పుస్తకం నాది కాదుగా అని ఆవిడ నవ్వి, అయితే మీరు ఇన్నాళ్లూ దేవుణ్ణి మనిషనుకున్నారన్నమాట అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వు మాత్రం స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో లాగా తేలిగ్గా పోలేదు.

విరామంలో ఆవిడ దగ్గరికి వెళ్లాను. ఒక కాగితం మీద నా ఆదివారం గీతలు, పడిన వరసలోనే, కింది నుంచి పైకి వేసి చూపించాను. ఇప్పుడు ఆకాశం కింద, నీరు పైన. ఆవిడ కళ్లజోడు సర్దుకుని చూసింది. దీని పేరు నిరీక్షణ అంది. ఆకాశం మీద మబ్బు చేరింది, వాన ఇంకా పడలేదు, తొందరపడకుండా ధైర్యంగా ఉండమని అర్థమట. మరి నీళ్లు దాటడం సంగతి ఏమిటని అడిగాను. దాటితే మంచిదనే ఉంది అంది.

అవే ఆరు గీతలు. అటు చూస్తే వద్దు, ఇటు చూస్తే వెళ్లు.

మళ్లీ వేసి అడగవచ్చా అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఒకసారి అడిగిన సంగతి మళ్లీ అడగకూడదట. జవాబు మీకు అప్పుడే వచ్చింది, మీరు తీసుకోవడంలో తేడా వచ్చింది, అంతే అంది. అది అన్యాయం అన్నాను. ఆవిడ టీ చల్లారిపోతోందంది.

తిరిగొస్తూ కారులో మా ఆవిడకు చెప్పాను. చెప్పడానికి నాకు కొంచెం సమయం పట్టింది. రౌండబౌటు దగ్గరికొచ్చేసరికి అసలు సంగతి చెప్పాను.

“అయితే వెళ్లమనే చెప్పిందా?”

“చెప్పింది. పుస్తకం తప్పు.”

తను తిరగాల్సిన రోడ్డు దాటిపోయింది. మళ్లీ ఒక చుట్టు తిరిగింది. నేనెరిగినంతలో ఆవిడ ఆ రౌండబౌటులో దారి తప్పడం అదే మొదలు.

“మరి ఇప్పుడేం చేస్తారు?”

“ఆ పబ్లిషర్‌కు రాస్తాను.”

“రాయండి” అంది. ఇంటికొచ్చి పుస్తకం మొదట్నుంచి తిరగేస్తే, అప్పుడు కనిపించింది ఆ ఫుట్‌నోట్.

రాశాను. ఇంగ్లీషులో, పూర్తి వివరాలతో. మొదటి పేజీలో ఒక బాణం గుర్తు వేయండి, అది వేయడానికి మీకు ఖర్చేమీ కాదు, వేయకపోవడం వల్ల ఒక ఇంట్లో ఏం జరిగిందో మీకు తెలియాలి అని. జవాబు రాలేదు. ఇంకోసారి రాశాను. మీ ఉత్తరం మాకు ముఖ్యమని యంత్రం పంపిన నాలుగు మాటలు వచ్చాయి, అంతే. నాకు ఇది కొత్త కాదు. తెనాలి కరెంటు ఆఫీసుకు ట్రాన్స్‌ఫార్మర్ గురించి రాశాను. ఇక్కడి కౌన్సిల్‌కు మా వీధి కాలిబాట మీద లేచిన పలక గురించి రాశాను. ఆ పలక ఇంకా అలాగే ఉంది. జీవితమంతా తప్పు ఎక్కడుందో సరిగ్గా చూపించి ఉత్తరాలు రాసిన మనిషిని. చూపించినవాడికి జవాబు చెప్పాలని ఎవరికీ ఎందుకు తోచదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కోపం కూడా మునుపటిలా రావడం లేదు. కుర్చీలోంచి లేవడానికి పట్టేంత సేపు పడుతోంది రావడానికి. వచ్చేసరికి ఎవరి మీదో సగం మర్చిపోతున్నాను.

ఆ నాలుగు మాటలు వచ్చిన సాయంత్రం మా ఆవిడ వంటింట్లో గోంగూర ఒలుస్తోంది. పచ్చడికి అంత ఆకు ఎందుకని అడిగాను. ఇద్దరికే అయితే ఇంత అక్కర్లేదు. ఆవిడ తల ఎత్తలేదు. “నిలవ ఉంటుందిగా” అంది. నేను నా గదిలోకి వచ్చి ఫోను తీశాను.

అమ్మాయికి రాయడం పబ్లిషర్‌కు రాసినంత తేలిక కాలేదు. ఫోనులో తెలుగు అక్షరాలు కొట్టడం నాకు నిదానం. మొదట గీతల సంగతి వివరంగా రాశాను. కింద, పైన, ఆకాశం, నీరు అన్నీ. తప్పు ఎక్కడ జరిగిందో, ఎవరిదో రాశాను. ఫుట్‌నోట్ ఉన్న పేజీ ఫొటో తీసి పెట్టాను. నువ్వు అడిగిన రోజు నాకొచ్చిన అసలు జవాబు వెళ్లమనేనని రాశాను. ఒక గది ఇంట్లో ఇద్దరు ముసలివాళ్లు ఎక్కడ పడుకుంటారు. లీజు మధ్యలో ఇల్లు మారడం ఎంత ఇబ్బందో నాకు తెలుసు. అసలు ఇప్పుడు తనకు మా అవసరం ఉందో లేదో. అప్పుడు నోరు తెరిచి అడిగిన పిల్ల, మళ్లీ అడుగుతుందని ఎదురుచూడటం ధర్మం కాదు. చివరికి ఒక్క వాక్యం రాశాను. ఇప్పుడైనా మేము రావచ్చా, ఆలస్యమైందా, ఉన్నది ఉన్నట్టు చెప్పు అని.

తను డ్యూటీలో ఉన్నట్టుంది. ఆ రాత్రి జవాబు లేదు. పొద్దున లేదు. ఇదీ పబ్లిషర్ దారే పట్టిందనుకున్నాను. మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి ఫోనులో ఉంది:

“నాన్నా, మెసేజ్ మొత్తం చదివాను. బుక్‌దే తప్పు, ఒప్పుకుంటున్నాను. ఇక్కడ పెద్ద ఇల్లు చూస్తున్నాను, లీజ్ అయ్యేలోపు దొరుకుతుంది. అమ్మకి జూన్‌కి టికెట్ ఎప్పుడో బుక్ చేశాను. నీకు తనే చెప్తానంది, ఇంకా చెప్పినట్టు లేదు. నీకూ చెయ్యనా, వద్దా? కాయిన్స్ వెయ్యకుండా నువ్వే చెప్పు.”